సిరంజి స్టిక్కర్ల పెట్టె: తొమ్మిది నెలలు వాడాక

ముందు మార్కులు చెప్పేస్తాను, అవి చూసి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోవచ్చు. ఐదుకి మూడున్నర. వస్తువు మంచిదే. కోసిన ఒకటిన్నరలో ఒకటి నల్లపట్టీది, అర జిగురుది. వాటి సంగతి కింద చెప్తాను.

నేను మత్తు డాక్టర్ని. గోదావరి జిల్లాల్లో ఒక టౌను. సొంత హాస్పిటల్ లేదు, నెల జీతం లేదు. తొమ్మిది నర్సింగ్ హోములు, ఎవరి ఫోను మోగితే వాళ్ళ దగ్గరికి పరిగెత్తడం. కారు డిక్కీలో ఒక నల్ల బ్యాగు ఉంటుంది. అందులో లారింగోస్కోపు, ట్యూబులు, మందుల డబ్బా, ఐస్ ప్యాక్ పెట్టిన స్టీలు టిఫిన్ బాక్సులో స్కోలిన్ అనే కండరాల మందు. ఆ బాక్సు ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి మావారు రెండుసార్లు లంచ్ అనుకుని బ్యాంకుకి పట్టుకుపోయారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మా ఇంట్లో చెప్పుకునే ఏకైక మత్తు జోకు అదే.

పెట్టె ఖరీదు ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు. అట్టపెట్టెలో పన్నెండు రోల్స్, ఒక్కో రోల్‌లో 250 స్టిక్కర్లు, ఒక్కోటీ బస్సు టికెట్‌లో సగం ఉంటుంది. మందు పేరు అచ్చు వేసి ఉంటుంది, పక్కన ఎంఎల్‌కి ఎన్ని మిల్లీగ్రాములో మనం రాసుకోవాలి. రంగులు కంపెనీ ఇష్టానికి వేసినవి కావు. ఐఎస్ఓ 26825 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం 2008లో వచ్చింది, 2020లో సవరించారు. నిద్రపుచ్చే మందులకి పసుపు. కండరాలని వదులు చేసేవాటికి ఎరుపు. మార్ఫిన్, ఫెంటానిల్ జాతికి నీలం. బీపీ పెంచేవాటికి ఊదా. లోకల్ మత్తుకి బూడిద, అట్రోపిన్‌కి ఆకుపచ్చ. నాకు బాగా నచ్చింది నియోస్టిగ్మిన్ స్టిక్కరు. కండరాల మందుకి అది విరుగుడు కదా, అందుకని దానికీ ఎరుపే ఇచ్చి తెల్ల చారలు వేశారు. ఆలోచించినవాడెవడో గాని వాడికి దణ్ణం పెట్టాలి.

దీనికి ముందు నా పద్ధతేంటంటే, మన వైపు చాలామందిదే. ఆంప్యూల్, అంటే మందుండే చిన్న గాజు గొట్టం, విరిచి మందు లాగాక ఆ ఖాళీ ఆంప్యూల్‌నే సూదికి టోపీలా తొడిగేసేదాన్ని. అదే లేబుల్. వయల్‌లో వచ్చే మందుకి టోపీ కుదరదు కాబట్టి తెల్ల ప్లాస్టర్ ముక్క చింపి, బాల్‌పెన్‌తో ఒక అక్షరం రాసి అతికించేదాన్ని. స్కోలిన్‌కి ‘ఎస్’. ఇరవై రెండేళ్ళూ అలాగే నడిచింది. నడిచిందంటే, ఏమీ జరగలేదని అర్థం. అంతకంటే ఏమీ కాదు.

పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున్న రెండు ముహూర్తం సిజేరియన్లు. ఒకటి ఆరుంపావుకి, ఇంకోటి వేరే నర్సింగ్ హోములో ఏడూ ఇరవైకి. మొదటి కేసులో అవసరం పడుతుందేమోనని లాగి పెట్టుకున్న స్కోలిన్ వాడలేదు. పారెయ్యాల్సింది. సిరంజితో సహా ఐస్ బాక్సులో పెట్టి పట్టుకొచ్చేశాను. తిట్టండి, తిట్టాల్సిన పనే. రెండోచోటికి వెళ్ళేసరికి సిద్ధాంతి గారిచ్చిన టైముకి పదిహేను నిమిషాలు ఉంది. సర్జన్ గారు చేతులు కడుక్కుని గౌను వేసుకుని నిలబడ్డారు. వెన్నులో మత్తు ఇచ్చాను, బాగా పట్టింది. ఏడూ ఇరవై రెండుకి పాప బయటికొచ్చి కేరుమంది.

తల్లికి ఇరవై మూడేళ్ళు. తొలి కాన్పు. “వాంతొచ్చేలా ఉంది మేడం” అంది. ట్రేలోంచి రెండు ఎంఎల్ సిరంజి తీసి డ్రిప్‌లో ఎక్కించాను. వాంతికిచ్చే ఒండాన్‌సెట్రాన్ రెండు ఎంఎల్. స్కోలిన్ కూడా రెండు ఎంఎల్. రెండూ నీళ్ళలాగే ఉంటాయి.

ముందు కనురెప్పలు అదిరాయి. తర్వాత మెడ కింద, భుజాల మీద, చర్మం లోపల ఏదో పాకినట్టు సన్నటి కదలిక. ఆ కదలికని మత్తు డాక్టరు నిద్రలో లేపి చూపించినా గుర్తుపడతాడు. “అయ్యో, స్కోలిన్!” అని గట్టిగా అరిచాను.

తెలియనివాళ్ళ కోసం. స్కోలిన్ ఒక నిమిషంలోపే ఒంట్లో మనం కదిపే కండరాలన్నిటినీ పడగొడుతుంది, ఊపిరి తీసే కండరాలతో సహా. తెలివి మాత్రం ఎక్కడికీ పోదు. మెలకువలో ఉన్న మనిషికి పడితే అన్నీ వినపడుతుంటాయి, కన్ను తెరవలేరు, వేలు కదపలేరు, గాలి పీల్చలేరు. ఐదు పది నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. అప్పటిదాకా మనం ఊపిరి పోస్తే బతుకుతారు.

మాస్కు పెట్టి గాలి బ్యాగు నొక్కాను, ప్రొపోఫాల్‌తో నిద్రపుచ్చి ట్యూబు వేశాను. ఆక్సిజన్ శాచురేషన్ 86 దాకా పడి మళ్ళీ 99కి వచ్చింది. ఎనిమిదో నిమిషంలో తనే ఊపిరి తీసుకుంది. కుట్లు పూర్తయ్యాక లేపితే కళ్ళు తెరిచి పాప ఏదని అడిగింది. తర్వాత ట్రే వెతికాను. ఒండాన్‌సెట్రాన్ ఆంప్యూల్ సూది మీంచి జారి ట్రే మూలకి దొర్లిపోయి ఉంది. ఐస్‌లోంచి తీసిన సిరంజికి చెమట పట్టి ‘ఎస్’ ప్లాస్టర్ ఊడిపోయింది. అది గుడ్డ మడతలో దొరికింది. ఇంకా తడిగా ఉంది.

“ఏం కాలేదుగా మేడం, వదిలెయ్యండి” అన్నారు సర్జన్ గారు. ఆయన మంచికే అన్నారు. నర్సింగ్ హోము వాళ్ళేమో పేషెంట్ వాళ్ళకి ఏమీ చెప్పొద్దన్నారు, మందు పడలేదంటే సరిపోతుందన్నారు. నా మత్తు షీటులో మాత్రం స్కోలిన్ అనే రాశాను. దాన్ని ఎవరూ చదవరని నాకు తెలుసు.

రెండో రోజు రౌండ్‌కి వెళ్తే ఆ అమ్మాయి పాపకి పాలిస్తోంది. తలెత్తి అడిగింది. “నిన్న నాకు మాట రాలేదు మేడం, ఊపిరి రాలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. మీరేదో అరిచారు. స్కోలిన్ అంటే ఏంటి మేడం?”

“ఒక మందు పేరమ్మా” అన్నాను. బీపీ చూసి వచ్చేశాను.

సిరంజి మారడం నా పొరపాటు. మనిషి చేతికి అది జరుగుతుంది. కానీ ఈ మాట నేను తెలిసి అన్నది. తర్వాత రోజుల్లో నన్ను నమిలేసింది ఎక్కువగా ఇదే. రాత్రి రెండింటికి లేచి కూర్చునేదాన్ని. కారు సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ మీద నా చెయ్యి నాది కానట్టు కనిపించేది. ఒకరోజు మా అత్తగారు కన్నదురుతోందే, ఎడమో కుడో చూడవే అంటే, మంచి శకునం చెప్పాల్సింది పోయి అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయాను. ఆవిడ ఇప్పటికీ నాకు కోపమొచ్చిందనుకుంటారు. పదకొండు రోజులు వైరల్ జ్వరమని చెప్పి కేసులు ఒప్పుకోలేదు. ఫ్రీలాన్సర్ పదకొండు రోజులు రాకపోతే పన్నెండో రోజు ఆ స్థానంలో ఇంకొకరుంటారు. అది తెలిసీ వెళ్ళలేకపోయాను. మనసు బాగోలేనివాళ్ళు ఫోన్లో మాట్లాడటానికి ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్, 14416, 2022 అక్టోబర్ నుంచి ఉంది. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు రోగులకి నేనే ఎన్నిసార్లు రాసిచ్చానో. నాకోసం ఒకసారి నొక్కాను, మోగకముందే పెట్టేశాను. మీరు అలా చెయ్యకండి.

చదువుకున్న పిల్లని కదా, పుస్తకాలు తిరగేశాను. ఇలా తప్పు చేసిన డాక్టరుకి ‘రెండో బాధితుడు’ అని 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆల్బర్ట్ వూ అనే అమెరికా డాక్టరు పేరు పెట్టారు. తప్పు చేసిన డాక్టరు చెప్పుకోవడానికి చోటు లేదని ఆయన రాసింది అక్షరాలా నిజం. పేరు మాత్రం నాకు గొంతు దిగలేదు. బాధితురాలు ఆ పిల్ల. నేను చేసినదాన్ని. నేను రెండో బాధితురాలినైతే, ఆ క్యూలో ఆమె భర్త, బయట కుర్చీలో కూర్చున్న వాళ్ళమ్మ ఎన్నోవాళ్ళు? 2019లో అదే జర్నల్‌లో, తమవాళ్ళని వైద్యం తప్పుల్లో పోగొట్టుకున్నవాళ్ళు ఆ పేరు మానెయ్యండని రాశారు. నేను వాళ్ళ పక్షం. అమెరికాలోనే మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ళు 2009లో ఇలాంటి 31 మందితో మాట్లాడి ఆరు మెట్లు రాశారు. రెండో మెట్టు, అదే దృశ్యం పదేపదే తిరగడం. ఆఖరి మెట్టు దగ్గర దారి మూడుగా చీలుతుందట. కొందరు పని మానేస్తారు, కొందరు ఈడుస్తారు, కొందరు దాన్నుంచి ఏదో ఒకటి కట్టుకుంటారు. నేనప్పటికి రెండో మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను.

నాలుగో రాత్రి మా మత్తు డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో ‘నా ఫ్రెండు కేసు’ అని పెట్టాను. గ్రూపులో ఇద్దరే జవాబిచ్చారు, అదీ టెక్స్ట్‌బుక్కు భాషలో. విడిగా నాకు పదమూడు మెసేజీలొచ్చాయి. అందులో తొమ్మిది మందికి ఇలాంటి సిరంజి కథే ఉంది. ఒకావిడది 1998 నాటిది. ఎవరికీ చెప్పలేదట, ఇంట్లో కూడా. ఎవ్వరూ ‘మీ ఫ్రెండు’ అనలేదు, నేరుగా ‘మీరు’ అనే రాశారు. ఈ స్టిక్కర్ల లింకు పంపింది కూడా అందులో ఒకావిడే. “ఆలోచించడం ఆపి ముందు ఇవి కొను. చెయ్యడానికి చేతికేదైనా ఉండాలి” అంది. అలా వచ్చింది ఈ పెట్టె మా ఇంటికి.

ఇక వాడకం. మొదటి నెల ఇది స్టిక్కర్లా లేదు, పూజలా ఉంది. సిరంజి పట్టుకుని, పేరు చదివి, అతికించి, మళ్ళీ చదివి, ట్రేలో పెట్టి, తీసి మళ్ళీ చదివి. ఒక సర్జన్ గారు “మేడం, సహస్రనామం అయిందా?” అన్నారు. నవ్వాను గాని ఆయన అన్నది తప్పేం కాదు. సెలైన్‌కి కూడా అతికించేదాన్ని. మా అమ్మాయి ఊదా రంగు అడ్రినలిన్ స్టిక్కరు తీసి వాళ్ళ నాన్న కాఫీ ఫ్లాస్కుకి అతికించింది. అది అలాగే ఉంచాం.

ఒక ఉపయోగం మాత్రం కంపెనీ వాళ్ళ ప్రకటనలో లేదు. స్టిక్కరు చింపి అతికించడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. ఆ సేపు చెయ్యి ఆగాలి, కన్ను ఆగాలి. ముహూర్తం పదిహేను నిమిషాల్లో ఉన్నప్పుడు ఆ నాలుగు సెకన్లు ఎవరూ ఇవ్వరు, ఈ రోల్ ఇస్తుంది. రెండో నెల నుంచి నా చెయ్యి వణకడం మానేసింది. స్టిక్కరు వల్లా, ఇంకోదాని వల్లా అంటే విడదీసి చెప్పలేను.

ఆ ఇంకోటేంటంటే. పంతొమ్మిదో రోజున ఆ అమ్మాయి చెకప్‌కి వస్తుందని తెలిసి వెళ్ళాను. నర్సింగ్ హోము వాళ్ళకి చెప్పి వెళ్ళలేదు, చెప్తే వెళ్ళనివ్వరు. మావారు ముందురాత్రంతా లాయరుని అడుగుదామన్నారు. ఆయన భయం ఆయనది. వినియోగదారుల చట్టం కిందికి డాక్టర్లొస్తారని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరు మీద క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో అదే కోర్టు జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. ఇప్పటి న్యాయ సంహితలో, వైద్యంలో నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే డాక్టరుకి రెండేళ్ళ దాకా జైలు. ఇక్కడ మనిషి పోలేదు. నాలాంటిదే ఇంకా ఘోరమైనది అమెరికాలో, నాష్‌విల్‌లో 2017లో జరిగింది. మత్తు ఇంజక్షన్ బదులు నర్సు వెక్యురోనియం ఇచ్చింది, అదీ కండరాల మందే. పేషెంట్ చనిపోయింది. మూతమీదే ‘హెచ్చరిక’ అని రాసుంది. తప్పు నాదేనని ఆ నర్సు వెంటనే ఒప్పుకుంది. 2022లో కోర్టు దోషి అంది, మూడేళ్ళ ప్రొబేషన్ వేసింది. అది చదివాక నోరు విప్పబుద్ధి కాలేదు. రెండు రోజులు కాళ్ళు కదల్లేదు. కాని ‘స్కోలిన్ అంటే ఏంటి మేడం’ అన్న ప్రశ్న అలాగే ఉంది కదా.

ఆ అమ్మాయీ, వాళ్ళమ్మా ఉన్నారు. కూర్చుని చెప్పాను. వాంతి మందు బదులు వేరే మందు ఇచ్చాను, నా తప్పు, ఆ రోజు మీరడిగితే దాచాను, అదీ నా తప్పు అని. వాళ్ళమ్మ లేచి నిలబడింది. “మా పిల్ల రోజూ రాత్రి లేచి గొంతు పట్టుకుని కూచుంటోంది, పీడకలలమ్మా అని విభూది పెట్టిస్తున్నాం మేము. మీకేమో అన్నీ తెలుసు!” అంది. ఇంకా చాలా అంది. అన్నీ ఇక్కడ రాయను, నాకు పడాల్సినవే.

అమ్మాయి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. పాప పాదం పట్టుకుని నొక్కుతూ కూర్చుంది. తర్వాత “అంటే నాకు పిచ్చి కాదన్నమాట” అంది. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు, వాళ్ళమ్మకి చెప్పింది. ఆపరేషన్ టేబుల్ మీద చచ్చి బతికానని చెప్తే ఇంట్లో ఎవరూ నమ్మలేదట, మత్తులో కలొచ్చి ఉంటుందన్నారట. తర్వాత నా వైపు తిరిగి “ఇప్పుడేం చేస్తున్నారు మరి?” అని అడిగింది.

బ్యాగులోంచి ఎర్ర రోల్ తీసి చూపించాను. ఆమె ఒక స్టిక్కరు చింపి వేలిమీద అతికించుకుని, పీకి, మళ్ళీ అతికించుకుంది. “ఎంత ఇది?” అంది. పెట్టె మొత్తం 1,850 అన్నాను.

“ఇంతేనా? అంతకుముందు దొరికేవి కావా మేడం?”

దొరికేవి. ఆ రంగులు 2008 నుంచీ ఉన్నాయి. అదే చెప్పాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఆ స్టిక్కరు వేలిమీద అలాగే ఉంచుకుని పాపనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ నర్సింగ్ హోము నుంచి నాకు మళ్ళీ ఫోను రాలేదు. ఇప్పుడు ఎనిమిది చోట్లకే వెళ్తున్నాను.

సరే, లోపాలు. కొనేవాళ్ళు వీటికోసమే చదువుతున్నారని తెలుసు.

మొదటిది నల్లపట్టీ. ప్రమాణం ప్రకారం స్కోలిన్‌కీ అడ్రినలిన్‌కీ స్టిక్కరు పై సగంలో నల్లపట్టీ వేసి పేరు దాని మీద అచ్చు వెయ్యాలి, మిగిలిన వాటికంటే దూరం నుంచి వేరుగా కనపడాలని. ఈ పెట్టెలో అడ్రినలిన్‌కి పట్టీ ఉంది. స్కోలిన్‌కి లేదు. ఉత్త ఎరుపు, పక్కన ఉన్న ఇంకో కండరాల మందు అట్రాక్యూరియంలాగే. కంపెనీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, ‘మీ సూచనకి ధన్యవాదాలు’ అని వచ్చింది. సూచన కాదండీ, అది మీరు ఎగ్గొట్టిన పని. ఒక స్టార్ అక్కడే పోయింది.

రెండోది జిగురు. పొడి సిరంజికి పట్టుకుంటే గోరుతో గీకినా రాదు. చల్లటి సిరంజికి, చెమట పట్టినదానికి, పది నిమిషాల్లో మూల లేస్తుంది. ముందు గాజుగుడ్డతో తుడిచి, స్టిక్కరుని సిరంజి చుట్టూ తిప్పి, రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి వచ్చేలా అతికిస్తే ఆగుతుంది. దానికి అర స్టారు. స్కోలిన్ ఇప్పుడు ముందే లాగి పెట్టుకోవడం మానేశాను, అది వేరే సంగతి.

బాల్‌పెన్ రాయదు, పర్మనెంట్ మార్కరు కొనుక్కోండి. పసుపుపచ్చ ఓటీ లైట్‌లో నీలం, ఊదా దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, రంగుని నమ్ముకుని పేరు చదవడం మానకండి. ఇంకో ముఖ్యమైన మాట. ఆంప్యూల్‌నే తప్పు తీస్తే స్టిక్కరు ఏం చెయ్యలేదు. వెన్నులో ఇచ్చే మత్తు మందు బుపివకెయిన్ అనుకుని, రక్తస్రావం తగ్గించే ట్రనెక్సమిక్ యాసిడ్ ఆంప్యూల్ విరిచి వెన్నులో ఎక్కించి ప్రాణాలు పోయిన కేసులు చాలా దేశాల్లో ఉన్నాయి. తప్పు మందుకి చక్కటి బూడిద రంగు లేబుల్ వేసుకుంటాం, అంతే. నేను ట్రనెక్సమిక్ యాసిడ్‌ని మందుల డబ్బాలో కూడా ఉంచట్లేదు, బ్యాగు బయటి జేబులోకి మార్చాను.

రోల్స్ విడిగా అమ్మట్లేదు, అయిపోతే మొత్తం పెట్టె కొనాల్సిందే. నా దగ్గర ఆకుపచ్చవి, బూడిదవి ఇంకా సగం పైనే ఉన్నాయి. స్కోలిన్ రోల్ పోయిన వారమే అయిపోయింది, సిరంజికి రెండేసి అతికిస్తాను కాబట్టి. ఎవరి దగ్గరైనా వాడని స్కోలిన్ రోల్ ఉంటే చెప్పండి, నా బూడిద రోల్ ఇచ్చి తీసుకుంటాను. నల్లపట్టీ ఉన్నదైతే డబ్బులిచ్చి కొంటాను.